దారం కట్టిన ఒక్కటి

నాచారం,
19 జనవరి 2025

ఆగయ్య మామగారికి పూర్ణిమ నమస్కారాలు.

మోకాలి ఆపరేషన్ తర్వాత నడక ఎలా ఉంది? ఫోన్ చేద్దామంటే మీ చెవి మిషన్ ఈల వేస్తుందట, మన బస్సు డ్రైవరు దయాకరన్న చెప్పాడు. రేకులు నొక్కే ప్రెస్ మిషన్ల షెడ్డు గోడ పక్కన అన్నేళ్లు కూర్చుంటే చెవి మిగులుతుందా మరి! అందుకే ఉత్తరం. మన కంపెనీ బస్సు ఉప్పల్ రింగు రోడ్డు నుంచే కదా బయల్దేరేది, వెళ్తూ వస్తూ మీ ఇంట్లో ఇచ్చి పుచ్చుకుంటానన్నాడు. మూడు కిలోమీటర్ల దూరానికి ఉత్తరాలేంటని నవ్వాడు కూడా. నవ్వనివ్వండి.

మీరు రిటైరై ఆరు నెలలైంది. విడిభాగాల స్టోర్‌లో మీ కుర్చీ నాదే ఇప్పుడు. ఎడమ కాలి కింద మీరు పెట్టిన అట్టముక్క అలాగే ఉంది. ప్యాకింగ్ నుంచి వచ్చినదాన్ని, మీరు వారం రోజులు చూపించిన పనితోనే నెట్టుకొస్తున్నాను.

ఒక విచిత్రం చెప్పాలి. సరుకంతా కంప్యూటర్‌లో ఎక్కిద్దామని అరలన్నీ లెక్కపెట్టాను. మీరు రాసి పెట్టిన కార్డు మీద నిల్వ నాలుగు అని ఉంటే అరలో ఐదున్నాయి. పది అని ఉంటే పదకొండు. నిల్వ సున్నా అని ఉన్న అరలో కూడా ఒకటి ఉంది! నట్టు నుంచి బెల్టు దాకా 1,146 రకాలు, అన్నింట్లో ఒక్కటి ఎక్కువ. ఏంటి మామా, ముప్పై నాలుగేళ్లూ లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకటి మరిచిపోయారా? అడుగున ఉన్నదానికి ఎర్రదారం ఒకటి చుట్టి ఉంది. పాత ప్యాకింగ్‌దనుకుని అన్నీ కత్తిరించి ఊడ్చేశాను. ఉన్న సరుకు ప్రకారం లెక్క సరిచేసి కంప్యూటర్‌లో పెట్టేశాను. ఇక మీ పరువుకు ఢోకా లేదు!

కౌసల్యమ్మత్తకు నమస్కారాలు.

పూర్ణిమ

ఉప్పల్,
24-1-2025

శ్రీమతి పూర్ణిమ గారికి,

మీ ఉత్తరం అందింది. మోకాలు మంచిగనే ఉంది.

ఆ కుర్చీల ముప్పై నాలుగు ఏండ్లు కూసున్న. ఆడిటర్లు వచ్చిన్రు, పోయిన్రు. ఒక్క వస్తువు తక్కువ రాలె. కార్డు మీద రాసిందే లెక్క. తప్పున్నదని మీకు అనిపిస్తే మేనేజర్ సారుకు రాయుండ్రి. పిలిస్తే వచ్చి జవాబు చెప్త.

దారాలు ఊడ్చిన్రు. మంచిది.

ఆగయ్య

నాచారం,
2 ఫిబ్రవరి 2025

ఆగయ్య మామగారికి,

నన్ను "శ్రీమతి పూర్ణిమ గారు" అన్నారు. రెండు రోజులు అన్నం సహించలేదు. టేపు రోలు కోసం మీ కిటికీ దగ్గరికి వస్తే "ఏం బిడ్డా, మళ్ల అయిపోయిందా" అనేవారు. ఆ పిలుపు నేనే పోగొట్టుకున్నాను. నా వేళాకోళం మీకు దొంగలెక్క రాశారన్నట్టు తగిలిందని దయాకరన్న చెబితే గానీ నాకు తట్టలేదు. తప్పు నాదే. చేతులు జోడించి అడుగుతున్నాను, మన్నించండి.

మీ దగ్గర దాచిన సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఐదేళ్లుగా ఆదివారాలు కాలేజీకి వెళ్తున్నాను. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎం.ఎస్సీ. ఒకచోట పని ఎలా జరుగుతుందో చూసి, ఆ పనికి సరిపడేలా కంప్యూటర్‌లో ఏర్పాటు చేయడం నేర్పే చదువు. ముప్పై ఎనిమిదేళ్లకు పుస్తకాల సంచీ ఏంటని నవ్వుతారేమోనని కంపెనీలో ఎవరికీ చెప్పలేదు.

డిగ్రీ రావాలంటే ఏమేం పూర్తి చేయాలో ఒక కాగితం ఇచ్చారు. ఏడో తరగతి చదివే మా ప్రజ్ఞ దాన్ని ఫ్రిజ్‌కు అంటించి, అయినదానికల్లా టిక్కు పెడుతుంది. ఎనభై క్రెడిట్లు అయ్యాయి. హాజరు సరిపోయింది. సెమినార్ అయింది. రెండుసార్లు తప్పిన డేటాబేస్ పేపరు మూడోసారి గట్టెక్కింది. మిగిలింది ప్రాజెక్టు. నేను పెట్టిన పద్ధతి నిజంగా పని జరిగే చోట మూడు నెలలు నడవాలి. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి, తనకు తోచిన పాతిక సరుకులు తీయించి చూస్తారు. అరలో ఉన్నదీ కంప్యూటర్ చెప్పేదీ ఒకటి కావాలి. ఆ పని పదేళ్లకు తక్కువ కాకుండా చేసిన మనిషి "ఇందులో నా పని సరిగ్గా ఉంది" అని సంతకం పెట్టాలి. బైండు చేసిన కాపీలు నాలుగు, మూడు వాళ్లకు, ఒకటి నాకు. ఇదంతా జూన్ ముప్పై లోపు. ఆ రోజుతో నాకిచ్చిన ఐదేళ్ల గడువు తీరిపోతుంది. దాటితే చదివిందంతా రద్దు.

మన స్టోర్‌లో పదేళ్లు పనిచేసిన మనిషి మీరొక్కరే. సంతకం పెడతారా మామా? ఆ ఒక్కటి ఎందుకు ఎక్కువ ఉండేదో కూడా రాయండి. ఈసారి నవ్వను.

పూర్ణిమ

ఉప్పల్,
9-2-2025

బిడ్డా పూర్ణిమా,

రెండో పేజీల ఇంకు పారింది. ఏడ్సుకుంట రాసినవా ఏంది? చాలు ఇగ.

నీ ఉత్తరం మీ అత్తకు సదివి వినిపించిన. "ఇంటి పని, కంపెనీ పని, ఆదివారం సదువు. ఆ పిల్ల పండుకునేదెప్పుడు?" అన్నది.  నేను ఏడో తరగతిల బడి ఇడ్సిపెట్టిన. మీ ప్రజ్ఞ ఎంతనో నేనూ అంతనే. మూడుసార్లు ఒక్క పేపరు రాసిన మనిషిని నేనైతే చూడలె. మొదటిసారి తప్పితెనే మొఖం చాటేస్తరు అందరు. నువ్వు మస్తు గట్టిదానివి బిడ్డా. మనసుల మాట చెప్తున్న.

కని పుస్తకంలెక్క రాస్తున్నవు. జనగామ పిల్లవు, "మీరు", "గారు" అనుకుంట ఏంది? నోట్లె ఉన్న మాట రాయి.

దస్కతు సంగతి. పెట్ట. కోపంతోని కాదు. సరుకు కండ్లతోని చూడకుండ ఒక్క చలాను మీద గూడ నేను దస్కతు పెట్టలె. నువ్వు చేసిందేందో నాకింక సమజ్ కాలె. సమజ్ అయితే పెడ్త.

ఆ ఒక్కటి గురించి అడిగినవు. రాయ. ఎన్కట ఒకసారి చెప్పి చూసిన, పడ్డది చాలు. అరలు మాత్రం ఊడ్సినట్టు వాడకు.

ఆగయ్య

నాచారం,
16 మార్చి 2025

మామా,

నోట్లె ఉన్న మాటే రాస్తున్న. నా కొంప మునిగింది.

అరలు ఊడ్సినట్టు వాడకన్నవు. నీ ఉత్తరం వచ్చేటాల్లకే తొమ్మిది అరలు ఊడ్సిన. అండ్ల ఒకటి రెండో ప్రెస్ ఆయిల్ సీలు, నూనె కారకుండ పట్టే రబ్బరు రింగు. కంప్యూటర్‌ల ఒకటి ఉందని చూపెట్టింది, ఇచ్చేసిన. కొత్తయి నంబరు చూసే తెప్పిచ్చినం. వచ్చినయి అంచు మందం ఎక్కువ, కూసుంటలేవు. సప్లయరుకు ఫోన్ చేస్తే, "తయారుచేసేవాళ్లు మారారు మేడం, ఆ నంబరుకు ఇప్పుడు ఇదే వస్తుంది. పాతది ఒకటి పంపండి, చూసి చేయిస్తాను" అన్నడు.

పాతది ఏది మామా? నేను ఇచ్చిన ఆఖరుది మిషన్ల నలిగి పేలికలైంది. ప్రెస్ ఆగి నాలుగు రోజులు. నిన్న లేత్ మిషన్ మీద పనిచేసే బాలరాజన్న మెల్లగ అన్నడు: "ఆగయ్య ఉన్నప్పుడు అడుగుల ఒకటి దారం కట్టి ఉంటుండె. అది పట్కొచ్చి నా చేతుల పెడ్తుండె. నేను కొలతలు తీసుకుని మళ్ల ఇచ్చేస్తుంటి."

పోయి స్టోర్‌ల కూసున్న. చీపురు పట్టుకుని నేను ఊడ్సిన ఎర్రదారాలు యాదికొచ్చినయి. రెండు దోసిళ్లయినయి ఆ రోజు. ఎక్కువ ఉన్నదని నేను నవ్వింది నువ్వు కావాలని ఉంచింది. ఎందుకని ఒక్కసారన్న అడగకుండ సరిచేసిన అని రాసిన నీకు. నాకే సిగ్గయితుంది.

మేనేజర్ సారు ఖరాఖండిగ చెప్పిండు. శనివారం లోపల ప్రెస్ నడవకపోతే కంప్యూటర్ తీసేసి మళ్ల కార్డులే అంట. తీసేస్తే నా మూడు నెలలు తెగిపోతయి. మళ్ల ఎప్పుడు పెట్టనిస్తరో, జూన్ ముప్పై లోపల ఇంకో మూడు నెలలు నాకు దొరకయి. ఐదేండ్ల సదువు ఒక రబ్బరు సీలు కాడ ఆగింది మామా.

దస్కతు అడుగుతలేను. ఏం చెయ్యాల్నో చెప్పు చాలు.

పూర్ణిమ

ఉప్పల్,
17-3-2025

బిడ్డా,

దయాకర్ బస్సు ఆపుకుని వాకిట్ల నిలవడ్డడు, జల్ది రాస్తున్న. ఫికర్ చెయ్యకు.

స్క్రాప్ యార్డుల వేపచెట్టు కింద పాత మూడో నంబర్ ప్రెస్ పడి ఉంటది. దానిదీ దీనిదీ ఒక్కటే సీలు. ఎడమదిక్కు రాడు ఊడబీకుమని బాలరాజుకు చెప్పు, సీలు దానికే ఉంటది. కుడిదిక్కుది పాడైంది, దాని జోలికి పోవద్దు. ఆ సీలు ఇప్పుడు పనికి రాదు గని, కొలతకు వస్తది.

తక్కిన ఎనిమిది అరలల్ల ఏమేం ఉంటుండెనో కింద రాసిన. వాల్వు స్ప్రింగు రెండో షెడ్డుల కరెంటు బోర్డు పక్కన మేకుకు తగిలిచ్చి ఉంటది. చైను లింకు గేటు వాచ్‌మెన్ తాళంచెవులకు రింగులెక్క పెట్టుకున్నడు, అడిగితే ఇస్తడు. మిగిలినయి గూడ యాడున్నయో రాసిన, సూసుకో.

ఇగ దారం సంగతి. మా అవ్వ మైసమ్మ. ఇప్పుడు మన రెండో షెడ్డున్న కాడ మా పొలం ఉంటుండె. ఇంట్ల వడ్ల గుమ్మి అడుగంట ఊడ్సనిచ్చేది కాదు. ఒక దోసెడు గింజలు ఎర్రగుడ్డల మూటగట్టి అడుగున పెట్టేది. ఆ దోసెడు లెక్కల లేదు అనేది. ఎందుకే అవ్వా అని అడిగితే, "రేపు విత్తనం కొననీకి పోతె, గిసొంటియే కావాలని ఏం చూపెడ్తవురా" అన్నది. కంపెనీల కొల్వు దొరికినంక నాకు అదే అలవాటైంది. మొదటి సరుకు వచ్చిననాడే ఒకటి తీసి దారం కట్టి, ఉన్నదాంట్ల ఒకటి తక్కువ కార్డు మీద రాసేటోన్ని.

కొత్తల ఒక ఇంజనీరు దారం చూసి అడిగిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "ఏంది ఆగయ్యా, నట్లకు గూడ బోనం పెడ్తున్నవా?" అని క్యాంటీన్ల అందరి ముంగట అన్నడు. నెల రోజులు నవ్విన్రు. అప్పటిసంది ఎవ్వరికి చెప్పలె, మానలె. నువ్వు గూడ నవ్వుతవనుకున్న. నువ్వు అడిగినవు.

ఆగయ్య

నాచారం,
27 ఏప్రిల్ 2025

మామా,

ప్రెస్ ఆ శుక్రవారం పగలే నడిచింది. నువ్వు చెప్పిన ఎడమ రాడుకే దొరికింది సీలు, అది చూసి సప్లయరు కొత్తది చేయిచ్చి పంపిండు. తొమ్మిదికి తొమ్మిది దొరికినయి. వాచ్‌మెన్ బిక్షపతన్న ఆ లింకు ఇవ్వనీకి మస్తు సతాయించిండు. ఇంట్ల కూసోని ఫ్యాక్టరీ మొత్తం కండ్ల ముందట పెట్టుకుని చెప్పినవు. అంత పెద్ద కంప్యూటర్ పక్కన పెట్టుకుని నాకు తెల్వకపాయె. ఆ చిట్టీ మా గైడు అనంతలక్ష్మి మేడంకు చూపెడితే, రెండుసార్లు సదివి, "నేను క్లాసులో చెప్పేది ఈయన చేసి కూర్చున్నారు" అన్నది.

ప్రజ్ఞ, నేను నాలుగు ఆదివారాలు కూసోని 1,146 దారాలు మళ్ల కట్టినం. కంప్యూటర్‌ల గూడ మార్చిన. దారం కట్టిన ఒక్కదాన్ని కంప్యూటర్ ఎప్పటికి లెక్కల చూపెట్టదు, ఎవరు అడిగినా ఇయ్యదు. దాని ఫొటో, కొలతలు మాత్రం పక్కన్నే ఉంటయి. మరీ తప్పకపోతే మేనేజర్ సారు కారణం రాసి తీసుకోవచ్చు.

నేను చేసిందంతా నీకోసం ఎనిమిది పేజీలు తెలుగుల రాసిన. సదువు. సమజ్ అయితేనే దస్కతు పెట్టు, కాకపోతే వద్దు.

పూర్ణిమ

ఉప్పల్,
11-5-2025

బిడ్డా,

మూడుసార్లు సదివిన. నువ్వు పేపరు రాసినన్నిసార్లు. సమజ్ అయింది. ఫొటో సంగతి నాకు తట్టలె, అది నాకంటె ఎక్కువ చేసినవు. కారణం రాసి తీసుకునుడు గూడ మంచిదే. పక్కింటోళ్లు గతిలేక వస్తె మా అవ్వ ఆ మూట గూడ ఇప్పేది.

ఒక్క తప్పున్నది. ఐదో పేజీల "ఆగయ్య పద్ధతి" అని రాసినవు. పద్ధతి నాది కాదు, మా అవ్వది. ఏలుముద్ర తప్ప రాత రాని మనిషి. మైసమ్మ అని రాయి. అది దిద్దితె దస్కతు పెడ్త. ఎగ్జామినర్ ఏ దినం వస్తడో చెప్పు, దయాకర్ బస్సుల వస్త.

ఆగయ్య

నాచారం,
15 జూన్ 2025

మామా,

నిన్న నువ్వు నా పక్కన్నే ఉన్నవు. కని నీ చెవి మిషన్ మొరాయించింది, ప్రెస్ మోత వేరే. ఎగ్జామినర్ గిరిప్రసాద్ సారు నిన్ను చూపెట్టుకుంట మాట్లాడుతుంటె నువ్వు తల దించుకున్నవు. నేను చూసిన. తప్పుపడ్తున్నడనుకున్నవు, కదా? అందరి ముంగట నీ చెవుల అరిచి చెప్పనీకి నాకు మనసొప్పలె. ఇప్పుడు రాస్తున్న, నిమ్మళంగ సదువు.

పాతిక సరుకులు తీయిచ్చిండు. పాతికకు పాతిక సరిపోయినయి. కని మొదలు తీయిచ్చింది ఒక బేరింగు. కంప్యూటర్‌ల సున్నా ఉంది, అరల దారం కట్టినది ఒకటి ఉంది. "ఇది తప్పు కదమ్మా" అన్నడు.  మైసమ్మవ్వ గుమ్మి కాడికెల్లి సీలు దాక మొత్తం చెప్పిన. క్యాంటీన్ల నవ్వింది గూడ చెప్పిన. చెప్పొద్దనుకున్న, నోట్ల ఆగలె.

సారు ఆ బేరింగును మళ్ల అరల పెట్టిండు. అప్పుడు నిన్ను చూపెట్టి అన్నడు: "ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకోండని. అడిగినా వాళ్లెందుకు చెప్పరో నాకివాళ తెలిసింది. ఎప్పుడో ఎవరో నవ్వి ఉంటారు. ఈ పెద్దాయన్ను చూసి నవ్వినవాళ్లు ఆ రోజే పుస్తకం తీసి రాసుకోవాల్సింది." నువ్వు తల దించుకున్నది అప్పుడే. తర్వాత నీ రెండు చేతులు పట్టుకున్నడు చూడు, అది సెలవు తీసుకునుడు కాదు మామా. నీకు దండం పెట్టుడు.

నువ్వు దస్కతు పెడ్తుంటె పెన్ను ఎంత మెల్లగ నడిపినవో! ముత్యాలలెక్క రాసినవు. అందరు ఆగి చూసిన్రు.

పూర్ణిమ

ఉప్పల్,
18-6-2025

బిడ్డా,

నీ ఉత్తరం మీ అత్తకు సదువుతుంటె సగంల ఆగిన. ఆమెనే గుంజుకుని తక్కినది సదువుకున్నది. తప్పే పడ్తున్నడనుకున్న, నిజమే. 

ఆ స్టోర్‌ల కెల్లి ఒక్క సూది గూడ ఇంటికి తేలె నేను. ఇప్పుడు ఒకటి అడుగుతున్న. మా అవ్వ పేరున్న పేజీ జిరాక్సు తీసి పంపు. ఆమె పేరు అచ్చుల ఎన్నడు చూడలె. ఓటరు లిస్టుల గూడ తప్పే ఉంటుండె.

ఆగయ్య

నాచారం,
28 జూన్ 2025

మామా,

నిన్న మూడు కాపీలు కాలేజీల ఇచ్చిన. సెక్షన్ల గుమస్తా కాగితం ముందట పెట్టుకుని ఒక్కొక్కటి అడిగిండు. క్రెడిట్లు, హాజరు, పేపర్లు, ప్రాజెక్టు, నీ దస్కతు, కాపీలు. అన్నీ చూసుకుని "డిగ్రీకి అర్హురాలు" అని ముద్ర కొట్టిండు. గడువుకు ఇంక మూడు దినాలు మిగిలినయి. బయటికొచ్చి బస్టాపుల కూసోని గట్టిగ ఏడ్సిన, ఎవ్వరు చూసినా సరే అనుకున్న. ఇంటికి పోతె ప్రజ్ఞ ఫ్రిజ్ మీద కాగితానికి ఆఖరి టిక్కు నన్నే పెట్టమన్నది.

జిరాక్సు పంపుతలేను. నాలుగో కాపీ నాది. దానికి ఎర్రదారం కట్టి దయాకరన్న చేతికి ఇస్తున్న. నలభై ఒకటో పేజీల మీ అవ్వ పేరుంటది. నాకొకటి కావాలంటె అచ్చు వేసుకోవచ్చు గని, ఇది నీ దగ్గరనే ఉండాలె. రేపు ఎవరన్న ఇసొంటి సదువు సదువుతనని వస్తె చూపెట్టనీకి.

పూర్ణిమ

ఉప్పల్,
1-7-2025

బిడ్డా,

పుస్తకం వచ్చింది. మా అవ్వ పేరు తప్పు లేకుండ ఉంది. దారం ఇప్పి సదివి, మళ్ల కట్టిన.

పాత కార్డు ఒకటి ఇంట్ల దొరికితె రాసి గోడకు తగిలిచ్చిన.

సరుకు: పూర్ణిమ పుస్తకం.
నిల్వ: సున్నా.

ఆగయ్య